రెండోసారి తీసిన గొంగడి రాజు

ఆట అయిపోయి జనం సగం వెళ్లిపోయినా మల్లప్ప ఒంట్లో మంట చల్లారలేదు. మోత్కూరు రేకుల టాకీసు ముందు నిలబడి, గోడమీది పోస్టరు చూస్తూ పళ్లు నూరుతున్నాడు. పోస్టరు మీద పేరు ‘గొంగడి రాజు’. పదేళ్ల కింద నల్లగొండలో అతను చూసిన సినిమా పేరూ అదే. పేరు తప్ప అందులోది ఒక్క ముక్క ఇందులో మిగల్లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కోపంలో సగం సినిమా మీద, సగం తన మీద. కులపెద్ద గుర్వయ్యనూ, వాడలోని గొల్లలనూ, వాళ్ల ఆడవాళ్లనూ సంతరోజు బండ్లు కట్టించి పగటాటకు తోలుకొచ్చింది తనే మరి.

ఊళ్లో పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. ఎప్పుడూ దొర చెప్పినవాళ్లే మెంబర్లు, పోటీ మాట ఎవరూ ఎత్తరు. ఈసారి గొల్లవాడ వార్డుకు నేను నిలబడతానన్నాడు మల్లప్ప. అతని నామినేషన్ కాగితం మీద బలపరుస్తున్నట్టు ఆ వార్డు ఓటరు ఒక్కరు వేలిముద్ర వేయాలి. రేపటితో గడువు సరి. గుర్వయ్య ఊ అనందే వాడలో ఎవరి వేలూ కదలదు. ఆయనేమో, గొర్లు కాసేవాడు ఊరేలిన ముచ్చట ఎక్కడైనా ఉందా అని వారం రోజులుగా నసుగుతున్నాడు. ఉంది, నా కళ్లతో చూశాను, నువ్వూ చూసి ఆ తర్వాతే మాట ఇవ్వమన్నాడు మల్లప్ప. పేరు చూసి కథను నమ్మాడు. అదే అతను చేసిన తప్పు.

పాత సినిమా రెండు గంటల ముచ్చట. ఒక్కటే రాక్షసుడు, ఒక్కటే గుహ. గొల్లవాడు తన తెలివితో వాణ్ణి చంపి, రాజ్యాన్ని కాపాడి, భుజాన ఆ పాత గొంగడితోనే సింహాసనం మీద కూర్చుంటాడు. అంతే. ఆనాడు ఈలలు వేసి వేసి మల్లప్ప పెదవులు వాచాయి.

మరి ఇది? మూడున్నర గంటలు! ఏడు సముద్రాలు, సముద్రానికో పాట. ఎగిరే చాప. మాట్లాడే చిలుక. పాము ఆడదై ఆడుతుంది, హమ్మయ్య అయిపోయిందనుకునేసరికి పాము చెల్లెలు మొదలుపెడుతుంది. రాక్షసుణ్ణి చంపితే వాడి ప్రాణం ఇంకెక్కడో ఉందంటారు, అక్కడికి పోతే మరొకచోట అంటారు. చేతిలో డబ్బు ఎక్కువైనవాడు కూరలో కారం ఎక్కువ వేస్తాడు, దాన్నయినా నీళ్లు తాగి మింగొచ్చు. ఆఖరుదే గొంతు దిగలేదు. ఎక్కడినుంచో ఒక ముని ఊడిపడి, వీడు గొల్లవాడు కాడు, పుట్టగానే తప్పిపోయిన రాజుగారి కొడుకు, భుజం మీద మచ్చ చూడండి అన్నాడు. వెంటనే కిరీటం పెట్టారు. వాడు గొంగడిని నేలకేసి కొట్టి, జరీ చెప్పులతో దాన్ని తొక్కుకుంటూ పోయి సింహాసనం ఎక్కాడు.

గొంగడి పరిచి, చెప్పులు విడిచి, దానిమీద కూర్చునే గొల్లల కులం తీర్పు చెబుతుంది. దానిమీద ఇచ్చిన మాట తిరిగి తీసుకునే దారి ఎవరికీ లేదు. అలాంటి గొంగడిని తొక్కితే టాకీసులో కొందరు చప్పట్లు కొట్టారు. మల్లప్పకు కోపం నషాళానికి అంటింది.

టాకీసు పక్క నీడలో గుర్వయ్య తన గొంగడి పరిచాడు. మగవాళ్లు చెప్పులు విడిచి కూర్చున్నారు. ఆడవాళ్లు బండ్ల దగ్గర నిలబడ్డారు.

“చూస్తివి గద అల్లుడా,” అన్నాడు గుర్వయ్య. “సిన్మల గుడ గొల్లోడు రాజు గాలే. రాజు కొడుకే రాజయిండు. గిది నువ్వే తోల్కొచ్చి సూపిస్తివి.”

పాతదాంట్లో ఇలా లేదని మల్లప్ప చెప్పబోయాడు. ఆ పాతది నువ్వొక్కడివే చూశావులే అని పక్కన కూర్చున్న ఎల్లస్వామి నవ్వాడు. ఆ నవ్వు పుండు మీద కారం చల్లింది.

“గాళ్లు అబద్ధమాడుతున్నరు మామా. గొల్లోడు గద్దెనెక్కితే సూడలేక, మూడు గంటలు తిప్పి తిప్పి ఆఖరుకు మచ్చ ఎతికిండ్రు. నా భుజం మీద గొర్రెపిల్లలను మోసిన కాయలున్నయి. గవి సాలవా?”

గుర్వయ్య తల దించుకున్నాడు. ఆయన భయం సినిమా గురించి కాదని మల్లప్పకు తెలుసు, దొర ఉండే గడి గురించి. సినిమా ఆ భయానికి మంచి సాకు ఇచ్చింది. గుర్వయ్య గొంతు సవరించుకున్నాడు. గొంగడి మీద ఆయన ఇప్పుడు కాదంటే ఇక కాదే.

అంతలో ఆయన భార్య భద్రమ్మ బండి దగ్గరనుంచి వచ్చింది. ఆటంతా ఉలుకూ పలుకూ లేకుండా చూసిన మనిషి. ఇప్పుడు ముఖం ఎర్రగా ఉంది.

“ముని వచ్చినంక, వాన్ని సాది పెంచిన గొల్లోల్ల అవ్వ ఏమయింది?” అని అడిగింది.

మొదటి పాటలో ఉంది కదా అని ఎల్లస్వామి గొణిగాడు.

“మొదటి పాటల పాలు తాపింది. మల్ల కానరాలే. ఇన్నేండ్లు ఎవల గంజి తాగి పెరిగిండో ఒక్కడన్న అడిగిండా? పాము చెల్లెకు జాగా దొరికింది, గా అవ్వకు దొరకలే.”

కులం గొంగడి దగ్గర ఆడవాళ్లకు పనిలేదని గుర్వయ్య కసిరాడు. ఆమె వినలేదు. నేరుగా వచ్చి గొంగడి మీద, మొగుడికి ఎదురుగా, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మగవాళ్లు అటూ ఇటూ జరిగారు. అలా ఏ ఆడమనిషీ కూర్చోగా వాళ్లు చూడలేదు.

“నాకు గుడ ఓటున్నది. గొంగడి మీద కూసోని చెప్తున్న. రేపు పొద్దుగాల మల్లప్ప కాయిదం మీద ఏలిముద్ర నేనేస్త.”

గొంగడి మీద మాట పడింది. దాన్ని కాదనే అధికారం కులపెద్దకు కూడా లేదు.

గుర్వయ్య గొంగడి అంచు నలిపాడు.

“దొర పిలిచి అడుగుతడే. ఏలు ఎవలేసిండ్రంటే ఏం జెప్పాలె?”

“నా పేరు జెప్పు,” అంది భద్రమ్మ. “గుర్వయ్య పెండ్లామని జెప్పకు. భద్రమ్మ అని జెప్పు.”