తొక్కని చెక్క

నా భార్య సుభద్ర పోయి మూడేళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్. పదో రోజున అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక బామ్మర్ది సీతారాములు లేచాడు.

"నీ బీడీ పొగనే మా అక్కను మింగింది, బావా."

ఆ రోజు నుంచి బీడీ ముట్టలేదు. అతని మొహమూ చూడలేదు.

నిన్న మధ్యాహ్నం అతని కూతురు ఉష వచ్చింది. హైదరాబాదులో కణాల మీద పరిశోధన చేస్తుంది. చేతిలో సుభద్ర రిపోర్టు. నేను మగ్గం దగ్గర్నుంచి లేవలేదు.

"మామా, జర ఆపు. గిది ఇను."

"పోయినామె కాయితాలు ఇప్పుడెందుకు?"

"నీకోసమే."

మగ్గం గుంట అంచున కూర్చుని చెప్పింది. కణం పైపొరలో రిసెప్టర్లు ఉంటాయట. ఒక్కోదానికి బయట ఒక చెయ్యి, లోపల ఒక చెయ్యి. బయటిది ముడుచుకుని ఉంటుంది. కబురు మోసే పదార్థం వచ్చి తగిలితేనే చాచుకుంటుంది. అలాంటివి రెండు జతపడితే లోపలి చేతులు మేలుకుని, పెరగమని కణానికి చెప్తాయి.

"అత్తకు లోపలి చేతి ఆకారం జరంత మారింది మామా. కబురు రాకున్నా మేలుకొనే ఉన్నది."

"మగ్గంల కాలి కింది చెక్క తొక్కకుండనే పడుగు దారాలు తెరుసుకున్నట్టా?"

"గంతే! నేను రెండేండ్లు చదివింది ఒక్క మాటల చెప్పినవ్."

"మరి గోలీలు మింగింది గద?"

"గోలీ ఆ చేతి సందుల ఇరికి ఆపింది. తర్వాత ఆ సందు గూడ మారింది. గోలీకి పట్టు దొరకలే."

పదకొండు నెలలు పట్టు దొరికింది. ఆ పదకొండు నెలలూ సుభద్ర నా పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టింది.

"గిసొంటి మార్పు పొగ తాగనోళ్లకే ఎక్కువ. నీ బీడీతోనే వచ్చిందని ఎవ్వలనలేరు. బాపుకు చెప్తే ఏడ్చిండు. బయట బండి మీద ఉన్నడు. నువ్వు పిలువనిదే గడప తొక్కనంటుండు."

మా వాళ్లలో అంతే. చావింట నోరు జారినవాణ్ని ఇంటివాడే పిలవాలి.

ఊరట కలగాలి. కలగలేదు. మూడేళ్లు ఆ తప్పుతోనే కాపురం చేశాను. పొగ నాది కనుక ఆమె చావులోనైనా నేనున్నాననుకున్నాను. అందులోనూ లేను.

కిటికీలోంచి సీతారాములు కనబడ్డాడు. జుట్టు నెరిసింది. అచ్చం సుభద్ర ముక్కు.

"పిలుస్తవా, మామా?"

"చాయ్ తాగి పో, బిడ్డా."

"బాపు?"

"ఎండల నిలవడొద్దని చెప్పు."

ఉష సగం తాగి లేచింది. వాళ్లిద్దరి బండి చిట్యాల ఊరి దిక్కు పోయింది. ఉషదీ నాదీ రెండు గ్లాసులు కడిగి బోర్లించాను. మగ్గంలో కూర్చుని చెక్క తొక్కాను. పడుగు తెరుచుకుంది.