బయటి తాళం

"నీళ్ళు! మొహం మీద నీళ్ళు కొట్టండే!" అని అరుస్తూనే ఇస్త్రీ అక్క తలుపు బాదుతోంది. ఆమె తోడికోడలు ఆవిరి మిషను పక్కన కూలబడి ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీకి ఉన్నది ఒక్కటే తలుపు. దానికి బయట తాళం. తాళంచెవి యజమాని జేబులో. యజమానేమో పక్కగదిలో, మోకాళ్ళ మీద, కళ్ళు గట్టిగా మూసుకుని.

ఆయన ఆమెన్ అన్నాకే తలుపు తెరుచుకుంది.

"ప్రార్థన మధ్యలో లేవకూడదు కదమ్మా," అన్నాడు నింపాదిగా. "చూశావా, దేవుడే కాపాడాడు."

కాపాడిన మాట నిజమే. తోడికోడలికి ఊపిరాడింది, ఆయనకు పోలీసుల బెడద తప్పింది. రెండోదానికే ఆయన ఎక్కువ స్తోత్రాలు చెప్పాడు.

ఈయన మారుమనస్సు పొందిన మనిషి. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఎందుకంటే ఊరంతటికీ ఆయనే చెప్పుకున్నాడు. తాగుడు మానాడు, సిగరెట్టు మానాడు, బూతులు మానాడు. మానినవన్నీ ప్రతి ఆదివారం చర్చిలో వల్లిస్తాడు. తాగే రోజుల్లో కూడా మనిషి ఇంత విసిగించలేదు. పొద్దున్నే ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి ప్రార్థన చేయిస్తాడు, ఆ తర్వాత తాళం బిగిస్తాడు. బయటికీ లోపలికీ తిరిగితే పని చెడుతుందట. ఆడవాళ్ళు ఆయనకు హల్లెలూయ బాబు అని పేరు పెట్టుకున్నారు. తాళం పడ్డాకే ఆ పేరు నోటికొస్తుంది.

మారాలని ఇస్త్రీ అక్క కూడా తంటాలు పడింది. ఆమెకు కోపమెక్కువ. ఈ తాళం గురించి పాస్టరుగారి దగ్గర మొరపెట్టుకుంటే, "ముందు నువ్వు మారమ్మా, అణకువ నేర్చుకో" అన్నారాయన. అప్పట్నుంచి దుప్పటి మడత పెట్టినప్పుడల్లా, ఈ కోపం తీసెయ్ ప్రభువా అని వేడుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం యజమాని ఆమెను పిలిచాడు. "ఆదివారం చర్చిలో నన్ను సంఘపెద్దని చేస్తున్నారు. నా దగ్గర పనిచేసేవాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పాలట. నేనెంత మారానో నువ్వు చెప్పమ్మా. మీ తోడికోడలి పని పోకుండా నేను చూసుకుంటాలే."

సొమ్మసిల్లి పడిపోయినందుకు పని పోవాలన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆదివారం పాస్టరుగారు పిలవగానే ఇస్త్రీ అక్క లేచింది. తోడికోడలు ఆమె చెయ్యి పట్టుకుని గొణిగింది. "ఆయన చెప్పమన్నదే చెప్పేసి కూర్చో అక్కా. ఇద్దరి పనీ పోతే పిల్లలకేం పెడతాం?"

"బాబుగారు మారారండీ," అంది ఇస్త్రీ అక్క.

"ఆమెన్!" అన్నారు అందరూ.

"ఇదివరకు తాగొచ్చి మాకు తాళం వేసేవారు. ఇప్పుడు ప్రార్థన చేసి వేస్తున్నారు."

ఈసారి ఆమెన్ సగంలో ఆగిపోయింది. వెనకెవరో అలవాటుకొద్దీ పూర్తిచేశారు. యజమాని మొహం మాడిపోయింది.

"కోపంలో మాట్లాడుతున్నావమ్మా, కూర్చో," అన్నారు పాస్టరుగారు.

"అవునండీ, కోపమే. తీసెయ్యమని ప్రభువుని ఎన్నిసార్లు అడిగానో. ఆయన తియ్యలేదు."

తన కోపానికి ఆమె సిగ్గుపడకపోవడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున యజమాని తాళం చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆడవాళ్ళంతా లోపల బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు.

"లోపలికి నడు. ప్రార్థన వేళైంది," అన్నాడు ఇస్త్రీ అక్కతో, పళ్ళ బిగువున.

ఆమె సంచీ కింద పెట్టి, గడప మీద కూర్చుంది. తలుపు మూయడానికి వీల్లేకుండా ఆమె వీపుకి ఆనింది.

"మొదలుపెట్టండి బాబుగారూ, ఇక్కడికి వినబడుతుంది."

తోడికోడలు లోపలి నుంచి వచ్చింది. "కాస్త జరుగక్కా," అంటూ పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

యజమాని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆరోజు ఆయన కళ్ళు మూసుకోలేదు.