పరుపులో తరుగు

బెల్లంపల్లిలో పాత పరుపుల దూది ఏకే ముకర్రం తూకం దగ్గర ఖచ్చితమైన మనిషి. మిషన్‌లో వేస్తే దుమ్ము పోయి పది కిలోలకు అరకిలో తగ్గుతుందని, ఆ తరుగు తన చేతిలో లేదని ముందే చెప్పేస్తాడు.

బాలలక్ష్మి తెచ్చిన పరుపు విప్పి ఆమె ముందే తూచాడు. పది కిలోలు. మర్నాడు ఆమె భర్త కొండల్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఏకిన దూది ఎనిమిదిన్నరే తూగింది.

“కిలోన్నర ఏడవాయె భాయ్? మా దూదితోని ఇంకెవలికన్న మెత్తలు కుట్టిచ్చినవా?”

ముకర్రం మొహం చిన్నబోయింది. “తోబా! జర ఇటు రా అక్కా.”

మిషన్ కింద పరిచిన టార్పాలిన్ కొసలు కూడదీసి, మూటగా కట్టి కాంటా మీద పెట్టాడు. కిలోన్నరకు కాస్త తక్కువ. విప్పితే లోపలంతా నల్లటి పొడి.

బాలలక్ష్మి చిటికెడు తీసి నలిపి చూసింది. ముప్పై ఏళ్లు భర్త బొగ్గుబాయి బట్టలు ఉతికిన చేతులవి. మెల్లగా భర్త వైపు తిరిగింది.

“తానం చేసే పండుకుంటున్న అంటివి గదా?”

రిటైరై నాలుగేళ్లయిన కొండల్ నేల చూపులు చూశాడు. “రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి నువ్వు పిల్లలను పండవెట్టి అప్పుడే నిద్రల వడేదానివి. బోరింగు కొడితే చప్పుడుకు లేస్తవని మొఖం, చేతులు కడుక్కుని పండేటోన్ని. నెత్తిల దుమ్ము అట్లనే ఉండేది.”

“అందుకేనా దుప్పటి నువ్వే పిండేది? నేనేమో నా మీద పాయిరం అనుకుంటి!”

“పాయిరమే గదా మరి,” అని గొణిగాడు కొండల్.

ముకర్రం నవ్వు దాచుకోవడానికి దారం కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

“నిన్ను ఊకెనే అంటి భాయ్. మనసుల వెట్టుకోకు,” అంది బాలలక్ష్మి.

“ఫికర్ లేదక్కా. కని గీ దూది ఇద్దరికి సరిపోదు.”

“కొత్తది కలుపు. గాయన దిక్కు జర ఎక్కువెయ్యి, నడుము నొస్తది.”

సాయంత్రం పరుపు ఇంటికి చేరగానే కొండల్ పడుకుని చూశాడు. బాలలక్ష్మి పక్కనే కూర్చుని, బాయి లోపల భయమేసేదా అని అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. కొండల్ తొలిసారి బాయిలో దిగిన రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.