అర్ధచంద్రం కింద చుక్క

మాబున్నీ ఆ ఇంట్లో పనికి కుదిరిన మూడో రోజే దోసె మాడ్చింది. తప్పు ఆమెది కాదు. లోపలి గదిలో ఎవరో సన్నాయి వాయిస్తున్నారు. కడప జిల్లాలో అయితే సరే, సౌదీలోని ధహ్రాన్‌లో, ఏసీల హోరు తప్ప ఇంకో చప్పుడు లేని ఈ కాంపౌండులో సన్నాయి ఏమిటి? అట్లకాడ చేత్తో పట్టుకునే వెళ్లి తలుపు తోసింది. ఇంజినీరు హరనాథ్ గారి కూతురు చరిత, పదకొండో తరగతి పిల్ల, నల్లటి గొట్టమొకటి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

"దీన్ని ఓబో అంటారక్కా," అంది చరిత, ఉలిక్కిపడి.

"ఏమన్నా అనుకోండి పాపా. కొసన రెల్లు పీక ఉండాదా లేదా? ఉంటే మా నాయన సన్నాయికి చెల్లెలే."

నాయన పేరు మస్తాన్ వలీ. దూదేకుల మనిషి, ఊళ్లో రాములవారి గుడి సన్నాయి ఆయనదే. పల్లకీ సేవ ముగిశాక, దేవుణ్ణి పడుకోబెట్టే ముందు, కీరవాణిలో ఒక చిన్న పలుకు వాయించేవాడు. ఇంతా చేసి ఒక గుక్కెడు ఊపిరి పని. వింటే మాత్రం పొద్దుటి నుంచి పడిన పాట్లన్నీ ఎవరో భుజం మీది నుంచి దించినట్టుండేది. ఆడపిల్ల అని మాబున్నీని సన్నాయి ముట్టనివ్వలేదు. కొడుకులు లేరు, శిష్యులు బ్యాండు మేళాల్లో కలిసిపోయారు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. ఇప్పుడా పలుకు లోకం మొత్తం మీద ఆమె గొంతులో తప్ప ఎక్కడా లేదు. ఆ గొంతేమో గిన్నెలు తోమేటప్పుడు తప్ప తెరుచుకోదు. తనతోపాటే అదీ మట్టిలో కలిసిపోతుందన్న దిగులు ముందు ఆమెకు ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు బెంగ కూడా చిన్నదే.

స్కూలు ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చెయ్యడానికి చరిత సాధన చేస్తున్నది రెండువందల నలభై ఏళ్ల కిందటి సింఫనీ. రాసినాయన యూరప్‌లో ఏదో జమీందారు కొలువులో జీతానికి పనిచేశాడట. ఆయన పేరు స్కూల్లో సంగీతం చెప్పే టీచరుకే సరిగ్గా నోరు తిరగదు. మొదటి భాగం నడక ఆయన తన గురువు దగ్గర నేర్చింది, నెమ్మదిగా సాగే రెండో భాగం పల్లెటూరి ప్రార్థనల్లో విన్నది, చివరి భాగంలో డోళ్లూ తాళాలూ తుర్కీ సైన్యపు మేళం నుంచి తెచ్చింది. ఆ మేళంలో జుర్నా అనేది ఊదేవారట. చరిత ఫోన్‌లో దాని బొమ్మ చూపించింది.

మాబున్నీ పకపకా నవ్వింది. "సన్నాయే! కురచగా ఉండాది, అంతే."

చరితకు మాత్రం నవ్వు రాలేదు. రెండో భాగం మధ్యలో ఒక గుర్తు ఉంది, అర్ధచంద్రం కింద చుక్క. "ఇక్కడ అందరూ ఆగిపోతారక్కా. నేనొక్కదాన్నే ఏదో ఒకటి సొంతంగా వాయించాలి. అప్పట్లో అదే పద్ధతంట. టీచర్ నాలుగు బార్ల స్వరాలు రాసిచ్చారు గానీ అది అచ్చం హోంవర్క్‌లా ఉంది."

"అంతకు ముందుండేది ఇంకోసారి వాయించు."

చరిత వాయించింది. మాబున్నీ గుర్తుపట్టింది. కీరవాణే. ఏ దొర ఎప్పుడు రాశాడో, సరిగ్గా ఆ చోట ఖాళీ వదిలిపెట్టి పోయాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దు వాలే వేళ, అసర్ నమాజయ్యాక పాఠం. ఈమె ముందుగదిలో నమాజు చేసుకున్న ముసల్లా చాప మడిచి పెట్టి వచ్చేది, ఆ పిల్ల పీకను గ్లాసుడు నీళ్లలో నానబెట్టుకుని సిద్ధంగా ఉండేది. ఒకరు గొంతుతో అనడం, ఇంకొకరు ఊదడం. కిటికీ అవతల సముద్రం మీది నుంచి వచ్చిన పొగమంచు కాంపౌండును మింగేసేది. ఇళ్లు పోయేవి, కార్లు పోయేవి, ఖర్జూరపు చెట్ల తలలు మాత్రం నీళ్లలో తేలినట్టుండేవి. ఆ తెల్లదనంలో ఏ ఊళ్లో ఉన్నదీ మాబున్నీకి తెలిసేది కాదు. పక్కనే నాయన మఠం వేసుకుని కూర్చున్నట్టు, తొడ మీద తాళం వేస్తున్నట్టు ఉండేది. తిరిగి చూస్తే ఇస్త్రీ బట్టల బుట్ట.

"పెదివి కొంచెం వదులు సెయ్, పాపా. స్వరాన్ని నిలబెట్టొద్దు, ఊయల్లో ఏసినట్టు ఊపల్ల."

చరితకు వారం పట్టింది. వచ్చాక మాత్రం తుచ తప్పకుండా వచ్చింది. మాబున్నీ ఆ రోజు వంటింట్లోకి పోయి కాసేపు హాయిగా ఏడ్చుకుంది.

కచేరీ స్కూలు హాల్లో. చరిత తల్లి ఇంద్రజ, మాబున్నీని పక్కనే కూర్చోబెట్టుకుని ముందే చెప్పింది. "మధ్యలో మాట్లాడకూడదు, మాబున్నీ. దగ్గినా తిరిగి చూస్తారు."

రెండో భాగం వచ్చింది. వయొలిన్లు సన్నగిల్లి ఆగాయి. ఓబో ఒక్కటే లేచింది.

మొదటి మూడు స్వరాలు నాయనవే. నాలుగోది కిందికి దిగాలి. దిగలేదు. నిషాదం మీద తచ్చాడి, పైకి పోయింది. అంతా పాడైంది, ఇన్నేళ్లు దాచింది ఈ పిల్ల చేతిలో పెట్టి నేనే పోగొట్టుకున్నాననుకుంది మాబున్నీ. ఆ పలుకు తెలియని సందులన్నీ తిరిగి, వీధి గుమ్మం వదిలేసి, పెరటి తలుపులోంచి మెల్లగా ఇంట్లోకి వచ్చింది.

అప్పుడు గుర్తుకొచ్చింది. నాయన దాన్ని ఏ రెండు రోజులూ ఒకేలా వాయించలేదు. పద్దెనిమిదేళ్లుగా ఊరగాయలా జాడీకి మూతపెట్టి ఉంచింది తనే. అది ఎదగడం మానేసి ఎన్నాళ్లయిందో!

"భళా తల్లీ!" అని అరిచింది మాబున్నీ, తొడ చరిచి.

హాలు మొత్తం తిరిగి చూసింది. ఇంద్రజ ఆమె చెయ్యి గట్టిగా పట్టేసింది. ఎవరో నవ్వారు. వయొలిన్లు ఏమీ ఎరగనట్టు అందుకున్నాయి.

అయ్యాక, కార్లు ఆపిన చోట చరిత తలొంచుకుని నిలబడింది. "సారీ అక్కా. మీ నాన్నగారిది మర్చిపోయాను. ఏదో నోటికొచ్చింది వాయించేశాను."

మాబున్నీ ఆ పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. కళ్లలో నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"సారీ ఏందీ! ఆ పైకి పోయింది సూడు, అది నాకు రాదు. ఇంటికి పోయినాక నిదానంగా వాయించు పాపా. నేను నేర్చుకోవల్ల."