మావయ్య చూసొచ్చిన యమలోకం

"మత్తిచ్చాక పిల్ల లేవకపోతే ఎట్టా బావా?" అంది రాజేశ్వరి.

అప్పటికింకా కూతురు శ్రీరమ్యను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళనే లేదు. గుంటూరు ఆసుపత్రి మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటోంది. మూడింటికి అపెండిక్స్ తీస్తారు.

"పోయినవారం మిరప కళ్ళం తగలబడుతోందన్నావు, పక్కవాళ్ళు పత్తికట్టె కాలుస్తున్నారు. మొన్న నాకు గుండెపోటన్నావు, గ్యాసు. ఇవాళన్నా కాస్త ఊరుకో రాజీ," అన్నాడు నాగేంద్రబాబు.

ఊరుకునే మనిషైతే రాజేశ్వరి ఎందుకవుతుంది? మత్తు డాక్టరు ఫాతిమా వచ్చి, "మీ ఇళ్ళలో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఇబ్బంది అయిందా?" అని అడగ్గానే, మొగుడు మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా చెప్పేసింది.

"మా మేనమామకండీ. ఈయన నాన్నే. నలభై ఏళ్ళ కిందట వరిబీజం కోయించుకోవడానికెళ్ళి చచ్చిపోయి, సాయంత్రానికి లేచాడు."

ఆ మేనమామ రాఘవులు కథ తెలియని ఇల్లు వాళ్ళ ఊరు ప్రత్తిపాడులో లేదు. యమభటులు ఎత్తుకెళ్ళారట, అగ్నిగుండంలో ఒళ్ళంతా కాలిందట, యముడు చూసి "వీడు కాదు, మనిషి మారాడు, దింపి రండి" అన్నాడట. అప్పట్నించీ ఆయన చేతి విబూది కోసం జనం వస్తూనే ఉన్నారు. యముడే వద్దని తిప్పి పంపిన మనిషికి ఇన్ని మొక్కులేంటని కాపురానికొచ్చిన కొత్తలోనే రాజేశ్వరికి అనుమానం వచ్చింది. కానీ మేనమామే మామగారైన ఇంట్లో నోరెత్తేదెలా?

ఫాతిమా నవ్వలేదు. "కండలు వదులు కావడానికి ఒక మందిస్తామమ్మా. అయిదారు నిమిషాల్లో ఒళ్ళే దాన్ని అరిగించేస్తుంది. కొందరికి జన్యువులో తేడా ఉంటే గంటలకొద్దీ అరగదు. మనిషి కదల్లేడు, ఊపిరి తీసుకోలేడు. ఇంకోరకం తేడా ఉంటే ఒళ్ళు నిప్పులా కాలిపోతుంది. రెండిటికీ మానాల్సిన మందులు వేరు."

"అంటే మా నాన్న రక్తం మంచిది కాదంటారా?" నాగేంద్రబాబుకి కోపమొచ్చింది.

"రక్తానికేమండీ! ఆ మందు తగలకపోతే నూరేళ్ళూ తెలియకుండానే బతికేస్తారు. మీది మేనరికం కాబట్టి పాపకి రెండువైపుల నుంచీ వచ్చి ఉండొచ్చు. పరీక్షకి రోజులు పడతాయి, అపెండిక్స్ ఆగదు. ఆ రోజు ఒళ్ళు కాలిందో, ఊపిరాగిందో ఆయన్నే అడగండి."

ఇన్నేళ్ళూ రాజేశ్వరి లారీలకీ, కుక్కలకీ, పురుగుమందు డబ్బాలకీ భయపడింది. తన కడుపులోంచే పిల్లతోపాటు ప్రమాదం కూడా వచ్చి ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. ఛీ, ఇన్ని భయాలు పడీ అసలుదాన్నే వదిలేశానే, అనుకుంది.

మావయ్యకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"మావయ్యా, ఆపరేషన్ నాడు నీ ఒళ్ళు కాలిందా?"

"కాలకేం తల్లీ! అగ్నిగుండమంటే మాటలా? ఆ మంటలు..."

అవతల ఎవరో ఆడమనిషి "స్వామీ, స్వామీ" అంటోంది.

"మంటల సంగతి తర్వాత. మూడింటికి మన రమ్యకి మత్తిస్తారు. నీ మాటని బట్టే డాక్టరమ్మ మందు మారుస్తది. అరుగు మీద జనముంటే ఉండనీ, నీకు దణ్ణం పెడతా. కాలిందా, ఊపిరాడలేదా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. "స్వామీ" అన్న గొంతు కూడా ఆగిపోయింది. శ్రీరమ్య చేతిలోని ఫోన్ పక్కన పెట్టేసింది. "నాన్నా..." అన్నాడు నాగేంద్రబాబు. ఫాతిమా గోడ గడియారం వంక చూసింది గానీ తొందరపెట్టలేదు.

"కాలలేదమ్మా," అన్నాడు రాఘవులు చివరికి, అరుగు మీదున్న అందరికీ వినపడేట్టు. "యముడూ లేడు, గుండమూ లేదు. ఒళ్ళు చల్లగానే ఉంది. ఊపిరే తీసుకోలేకపోయా. రెప్ప కూడా లేవలా. మీ అత్త ఏడుపుతో సహా అన్నీ వినపడతానే ఉన్నాయి. పాపం ఆ కాంపౌండరు పొద్దుగూకేదాకా నా నోటికాడ రబ్బరు బుడ్డి నొక్కుతా ఊపిరి అందిస్తానే ఉన్నాడు. డాక్టరమ్మకి ఈ మాట చెప్పు."