దినకరన్ రాసిన బిల్డ్

ఆ మాట దినకరన్‌కి తానే చెప్పాలని వసంతకుమారికి తెలుసు. మెయిల్లో రాస్తే పోయేదే, కానీ ఆరేళ్లు కలిసి పనిచేసిన మనిషికి అలా చెప్పడానికి మనసొప్పలేదు. శనివారం ఆఫీసు సగం పూటే. అది కాగానే స్కూటీ దినకరన్ ఉండే మూలకుళం వైపు తిప్పింది.

ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ప్రోగ్రాం చిన్నది. తెలుగు లిపిలో ఉన్నదాన్ని తమిళ అక్షరాల్లోకి మార్చి చూపిస్తుంది. పుదుచ్చేరిలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఆ లిపి చదవలేని తమలాంటి కుటుంబాల కోసం రాసుకున్నారు. దాని సోర్సు కోడు అందరికీ తెరిచి పెట్టడంతో ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరారు. క, గ రెండింటికీ తమిళంలో ఒకటే అక్షరం కదా, తేడా ఎలా చూపించాలని వాళ్లు పోట్లాడుకుని ఉంటే ఆమెకు సంతోషంగానే ఉండేది. వాళ్లు పోట్లాడుకున్నది బిల్డ్ గురించి. రాసిన కోడునంతా కూర్చి, నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే ఏర్పాటు అది. దినకరన్ మొదట్లోనే దాన్ని ఆటోటూల్స్ అనే పాతకాలపు సాధనాలతో అమర్చాడు. లినక్స్‌లో బాగా నడిచేది. విండోస్‌లో మొరాయించేది. ఎక్కడ చిక్కుపడినా అతనొక్కడే విప్పగలిగేవాడు.

ఆ ఎండాకాలమంతా మెయిలింగ్ లిస్టులో ఒకటే రచ్చ. ఆటోటూల్స్ తీసేసి కొందరు స్కాన్స్ పెట్టాలన్నారు, కొందరు సీమేక్ అన్నారు. ప్రోగ్రాంలో ఒక్క వరుస కూడా రాయనివాళ్లు పేజీలకు పేజీలు రాశారు. చివరికి, వసంతగారే తేల్చాలని అందరూ చేతులు దులుపుకున్నారు.

ఆమె రెండూ పెట్టి చూసింది. రెండూ పనిచేశాయి. దేని మీదా మనసు పడలేదు. సీమేక్ రాత చూస్తే తలనొప్పి వచ్చింది గానీ, హైదరాబాదులో విండోస్ మీద పనిచేసే అనూహ్య ఎవర్నీ ఏమీ అడక్కుండా దాంతో బిల్డ్ చేసుకుంది. ఇంకా ఆలోచించే ఓపిక లేక వసంతకుమారి అదే ఖాయం చేసుకుంది.

"ఈ ఎండలో యాడ నుంచి వస్తాండావమ్మా? ముందు మోరు తాగు," అంటూ దినకరన్ తల్లి కమలమ్మాళ్ మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. "వాడు లోపలే ఉండాడు. లీవు దినం గూడా ఆ కంప్యూటరు ముందరే."

దినకరన్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "కూర్చోక్కా. బిల్డ్ విండోస్‌లో సగం దాకా పోతాండాది. ఇంకొంచెమే."

ఆమె మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "ఆపెయ్యి దినకరా. సీమేక్‌కి మారిపోదాం."

"లిస్టులో వాళ్లు చెప్పినారా?"

"లేదు. నేనే అనుకున్నా."

"నేను రాసిందాంట్లో ఏంది తప్పు?"

"తప్పేం లేదు. పోయినేడు నీకు జరం వచ్చి పండుకుంటే ఎవురికీ బిల్డ్ కాలేదు. జరంలో ఉన్నోణ్ణి పట్టుకోని అడిగినారు. నువ్వు పండుకోనే చెప్పినావు. అది నాకు ఇప్పటికీ బాధగా ఉండాది."

అతను నడుస్తున్న బిల్డ్‌ని ఆపేశాడు. తర్వాత, "నాకు కొత్తది నేర్చుకునే ఓపిక లేదక్కా," అన్నాడు.

"నాకూ లేదు."

"పాత బిల్డ్ ఫైళ్లు ఎవురు తీసేది?"

ఆమె ఆ సంగతే ఆలోచించలేదు. దినకరన్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. అన్నీ ఒక్కసారే తీసెయ్యవచ్చు. అతను మాత్రం ఒక్కొక్కటీ తెరిచి, చూసి, తీసేశాడు. వసంతకుమారి పక్కనే కూర్చుంది.

వానలు మొదలయ్యేసరికి కొత్త వెర్షన్ బయటికి వచ్చింది. విండోస్‌వాళ్లు సంతోషించారు. పాత లినక్స్‌లవాళ్లకు ఇబ్బందులొచ్చాయి. అడిగేవాళ్లంతా ఇప్పుడు ఆమెనే అడిగేవారు. ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి, ఆ జవాబులు రాసేది. దినకరన్ లిస్టులో మళ్లీ ఒక్క ముక్క రాయలేదు. అతన్ని నొప్పించానన్న బెంగ ఆమెను వదల్లేదు.

ఒక ఆదివారం పెద్ద మార్కెట్లో కనబడ్డాడు. చేతిలో కూరగాయల సంచి, మొహం కాస్త నిండుగా ఉంది.

"నా మీద కోపమా దినకరా?" అని అడిగేసింది.

"మొదట ఉండె," అన్నాడతను. "ఇప్పుడు బాగా నిద్ర పడతాండాదక్కా."

కోపం దాచిపెట్టి అన్న మాట కాదని అతని మొహం చూస్తేనే తెలిసింది. ఆమెకు బెంగ తీరింది, కొంచెం అసూయ కూడా కలిగింది. బేరం చెయ్యకుండానే వంకాయలు కొనుక్కుని ఇంటికి వచ్చింది. అప్పటికే బిల్డ్ కావడం లేదని రెండు మెయిళ్లు వచ్చి ఉన్నాయి. చీర కూడా మార్చుకోకుండా మొదటిది తెరిచింది.