ఐదో నంబరు తీసేసిన ఒరెస్ట్

మానిటోబాలో సరస్సు పక్కనున్న ఆ ఊరికి ఫిబ్రవరి వచ్చిందంటే కర్లింగ్ పోటీలు తప్ప మరో ధ్యాస ఉండదు. మంచు మీద రాళ్లు జార్చడానికి ముప్పై రెండు జట్లు దిగుతాయి. ఎవరు ఎప్పుడు ఎవరితో ఆడాలో పట్టిక వేసే పని ఇరవై ఏళ్లుగా ఐనార్ అనే పెద్దాయనది. టోపీలో చీట్లు వేసి తీసేవాడు. ఆ ఏడు ఒరెస్ట్ కొవాల్చుక్ ఆ పని అడిగి మరీ తీసుకున్నాడు. పాలు పితికేవాళ్లకి పొద్దున ఆట వద్దు, మాటల్లేని బావామరుదులు ఎదురుపడకూడదు, చర్చిలో పిరోగీలనే కుడుములు చుట్టే ఆడవాళ్లకి సాయంత్రం ఖాళీ ఉండాలి. ఇలా అందరి బాధలూ విని, మూడు వారాలు కూర్చుని పట్టిక అల్లాడు.

ఆ పట్టిక ఇప్పుడు కంప్యూటర్లో ఇరుక్కుపోయింది. శనివారం పొద్దున పదిన్నరయింది. పన్నెండుకల్లా క్లబ్బు గోడకి అంటించకపోతే టోపీ తెస్తానని ఐనార్ అప్పుడే కబురు పంపాడు.

ఒరెస్ట్ పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లైబ్రరీ కింది గదిలోకి దిగాడు. వెనకే భార్య హాల్యా. విండోస్ బదులు లినక్స్‌తో కంప్యూటర్ నడిపేవాళ్లు ప్రతి శనివారం అక్కడే కూడతారు. వాళ్లకి పెద్దదిక్కు థోరా బ్యార్నాసన్, టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు తీగలతో కుస్తీ పట్టిన మనిషి.

"ఏం చేశావు నాయనా?" అంది థోరా.

"ఏమీ చెయ్యలేదక్కా."

"ఏమీ చెయ్యనివాళ్లు ఇక్కడికి రారు. చెప్పు."

చెప్పాడు. కంప్యూటర్లో సగం విండోస్, సగం లినక్స్. లినక్స్ వైపు చోటు నిండిపోయింది. రాత్రి భోజనం కాగానే విండోస్ వైపు కొంత కోసి ఇటు కలిపాడు. నడుమ ఒక చిన్న భాగం అడ్డొచ్చింది. మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు అది. "బోలెడు మెమరీ ఉంది కదా, ఇదెందుకని తీసేశా."

"పట్టిక ఇంకోచోట దాచుకోలేదా?"

"పెన్‌డ్రైవ్‌లో దాచా. కానీ ఈ కోత పనికి ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ కావాల్సొచ్చింది. దాన్నే చెరిపి..."

థోరా కడుపు పట్టుకుని నవ్వింది. "ఈ గదిలో ఆ పని చెయ్యనివాడు లేడులే. పోనీ ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వు, దాంతో లేపి చూద్దాం."

ఒరెస్ట్ భార్య వైపు చూశాడు.

"నన్ను చూడకు," అంది హాల్యా. "జేబులు చూసుకోకుండా చొక్కా ఉతకడానికి పడేసింది నువ్వు."

థోరా దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లన్నీ పక్క ఊరి బడికి వెళ్లాయి. రెండింటికి గానీ తిరిగి రావు.

"అంతా తుడిచి కొత్తగా వేసేస్తే?" అంది హాల్యా.

"పట్టిక కూడా తుడుచుకుపోతుందమ్మా. నిదానంగానే పోదాం."

అంటూ థోరా రెండు చేతులూ స్వెటర్ జేబుల్లో పెట్టేసుకుంది. ఆ గదిలో కట్టుబాటు అది. పాడుచేసినవాడే టైపు చెయ్యాలి, సాయం చేసేవాళ్లు మీట ముట్టకూడదు. మూడువేళ్లతో టైపు చేసే ఒరెస్ట్‌కి మీటల ముందు కూర్చోక తప్పలేదు.

కంప్యూటర్ ఆన్ చేశాడు. అటువంటి భాగం లేదని ఒక్క ముక్క చెప్పి, నల్లటి తెర ఆగిపోయింది.

"వీధిలో ఐదో నంబరు ఇల్లు నువ్వు కూల్చావు," అంది థోరా. "దాంతో ఆరో నంబరులో ఉన్న లినక్స్ ఐదో నంబరైంది. పొద్దున్నే కంప్యూటర్ని లేపే ప్రోగ్రాం ఇంకా ఆరు కోసం వెతుకుతోంది. ఇల్లు చెక్కుచెదరలేదు. నంబరు చెప్పేవాళ్లే లేరు. ఏయే భాగాలున్నాయో అడుగు."

అడిగాడు. ఒకటి, రెండు, ఐదు నంబర్లతో మూడు కనిపించాయి; నడుమ నంబర్లు ఖాళీయే. మొదటిదాంట్లోకి తొంగిచూస్తే అర్థం కాలేదంది. రెండోదీ అంతే. ఒరెస్ట్ మూడోది, అంటే ఐదో నంబరుది, అడిగాడు. గభాలున ఫోల్డర్ల పేర్లు వరసకట్టాయి.

"ఉంది," అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతుంది. ప్రస్తుతానికి ఇదే ఇల్లని దానికి చెప్పు."

ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే అతను ఒక్కో మీట వెతికి నొక్కాడు. రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ ఆమె ఓపిగ్గా మళ్లీ మొదలెట్టించింది. చివరికి విండోస్, లినక్స్ రెండు పేర్లూ తెర మీదకొచ్చాయి. లినక్స్ మీద నొక్కాడు. అది కొంతదూరం పరుగెత్తి మళ్లీ నిలబడిపోయింది.

పదకొండూ ఇరవై. పది సెకన్లు, ఇరవై, నలభై. ఒరెస్ట్ చెయ్యి ఆపే మీట మీదకి పోయింది.

"తియ్యి ఆ చెయ్యి," అంది థోరా. "నువ్వు కూల్చిన ఇంటి ముందు నిలబడి తలుపు కొడుతోంది. తొంభై సెకన్లు కొట్టి, విసుగొచ్చి తనే వెళ్తుంది."

"ఇంత ఓపిక మా ఆయనకీ ఉంటే బాగుండును," అంది హాల్యా.

సరిగ్గా తొంభై దాటాక తెర వెలిగింది. పట్టిక ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది, బావామరుదులు దూరదూరంగానే ఉన్నారు. ఒరెస్ట్ పై అంతస్తులో ప్రింటు తీయించాడు. హాల్యా ఆ కాగితాలు కోటు లోపల పెట్టుకుని మంచులో క్లబ్బు వైపు పరుగులాంటి నడక నడిచింది.

ఒరెస్ట్ కూడా లేవబోయాడు.

"కూర్చో. ఇప్పుడు చెప్పింది ఈ ఒక్కసారికే. కొత్త నంబరు లోపల రాయించకుండా ఆపితే మళ్లీ మొదటికొస్తుంది."

కూర్చుని ఆఖరి కమాండ్లు కొడుతుండగా ఫోన్ మోగింది.

"అంటించేశా, పన్నెండుకి పది నిమిషాలు తక్కువ," అంది హాల్యా. "అప్పుడే దెబ్బలాట మొదలైంది. రేపు పొద్దున ఎనిమిదింటికి తనకి ఆటేంటని ఐనార్ గొణుగుతున్నాడు."

"ఆయనకి పాలు పితికే పని లేదు కదా. అక్కడ తప్ప ఎక్కడా కుదరలేదని చెప్పు," అన్నాడు ఒరెస్ట్. "టోపీ పెట్టుకునే రమ్మను, పొద్దున చలి ఎక్కువ."